ఎవరిదీ కాని గుండె

మూడోసారి అడిగినా డాక్టరమ్మ అదే జవాబు చెప్పింది. హెచ్చరిక వచ్చిన మాట నిజం. చూసింది తనే. మూసేసింది కూడా తనే.

"పొరపాటున వేలు తగిలిందేమో," అంది పిన్ని, ఆశ చావక.

"లేదండీ. చదివే మూసేశాను."

పిన్ని కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకుంది. తుడవాల్సినంత మరకేమీ లేదు. తన క్లయింటు తన మెడకు తనే తాడు బిగించుకుంటూ ఉంటే ఎటు చూడాలో తెలియక చేసిన పని అది. పరిశోధన గదిని పోలీసులు స్వాధీనం చేసుకున్నారు కాబట్టి ఇద్దరూ ఆస్పత్రి వెనక మెట్ల మీద కూర్చున్నారు. లిఫ్టు పనిచేయకపోవడంతో పైకీ కిందికీ పోయేవాళ్లంతా వాళ్లని దాటుకుంటూనే పోతున్నారు. ప్రతి ఒక్కరికీ లేచి దారివ్వాల్సి వస్తోంది.

పిన్ని అసలు పేరు ఆమె లైసెన్సు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఇల్లు వదిలిపోయిన మొగుళ్లనీ, బీరువాలోంచి మాయమైన గొలుసులనీ వెతికిపెట్టే రోజుల్లో చుట్టుపక్కల ఆడవాళ్లు పిన్నీ పిన్నీ అంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆఫీసు వచ్చింది, తలుపు మీద 'డిటెక్టివ్' అన్న బోర్డు వచ్చింది, పిలుపు మాత్రం మారలేదు. పోలీసులు కూడా అలాగే పిలుస్తారు. కాకపోతే వాళ్ల నోట్లో ఆ మాట వంకరగా వినిపిస్తుంది.

ఈ కేసు ఆమెకు అప్పగించింది డాక్టరమ్మ అత్తగారు. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషి తన కోడలనీ, అలాంటిది ఒకరి ప్రాణం మీదికొచ్చిన సంగతిని చూసి కూడా పక్కన పడేసిందంటే తాను చచ్చినా నమ్మననీ ఆవిడ పిన్ని బల్ల మీద చెయ్యి కొట్టి మరీ చెప్పింది. అత్తగారు కోడల్ని వెనకేసుకొచ్చిన కేసు పిన్ని జీవితంలో ఇదే మొదటిది. అందుకే తీసుకుంది. ఇప్పుడు ఎందుకు తీసుకున్నానా అనుకుంటోంది.

సంగతి చూస్తే చాలా సూటిగా ఉంది, అదే చిక్కు. చనిపోయిన మనిషి బస్సు డ్రైవర్. నెల కిందట వంటింట్లో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. రెండు నిమిషాల్లో తేరుకుని తనకేమీ కాలేదన్నాడు. భార్య ఊరుకోక ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఇక్కడ డాక్టరమ్మ గుండె లయ తప్పే జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. అగ్గిపెట్టెంత పెట్టె ఒకటి, దానికి మూడు సన్నటి తీగలు, తీగల చివర ఛాతీకి అంటించే గుండ్రటి స్టిక్కర్లు. మనిషి తన పనులు తాను చేసుకుంటూ ఉంటే ఆ పెట్టె రాత్రీ పగలూ గుండె గీతను రాసి ఆస్పత్రికి పంపుతూ ఉంటుంది. ఆస్పత్రిలో పడుకోబెట్టినప్పుడు దొరకని దొంగ ఇంట్లో దొరుకుతాడా అన్నదే పరిశోధన.

డ్రైవర్ విషయంలో దొంగ దొరికాడు. ఒక మధ్యాహ్నం ఆ గుండె ఉన్నట్టుండి కట్టు తప్పి పరిగెత్తి, కొన్ని క్షణాలు అల్లాడి, దానంతట అదే సర్దుకుంది. యంత్రం హెచ్చరిక పంపింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే. మళ్లీ హెచ్చరిక. రెండింటినీ డాక్టరమ్మ 'ఈ రోగిది కాదు' అని రాసి మూసేసింది. ఆ తర్వాతి రోజు డ్రైవర్‌కి సెలవు. పెట్టె తీసి బల్ల మీద పెట్టి, భోంచేసి పడుకున్నాడు, ఇక లేవలేదు. పోస్టుమార్టంలో విషం లేదు, గాయం లేదు, రక్తనాళాల్లో అడ్డు లేదు. గుండె ఆగింది, అంతే. లయ తప్పి ఆగిన గుండె వెనక ఏ గుర్తూ మిగలదట.

ఇన్‌స్పెక్టర్‌కి ఇంతకంటే ఏం కావాలి. సాయంత్రంలోగా అరెస్టు చేస్తానని అత్తగారికే ఫోన్ చేసి చెప్పాడు.

"ఈ రోగిది కాదని ఎలా అన్నావమ్మా? పెట్టె ఆయనకే కదా కట్టారు?" అని పిన్ని మళ్లీ మొదటికొచ్చింది.

డాక్టరమ్మ మోకాలి మీద వేలితో గీతలు గీస్తూ చెప్పుకొచ్చింది. గుండెలో కరెంటు పోయే దారులు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. పెట్టె కట్టిన రోజు ఆస్పత్రిలో తీసిన గీతలో డ్రైవర్‌కి కుడిదారి మూసుకుపోయి ఉంది. దానివల్ల పెద్ద ప్రమాదం లేదు కానీ గీత ఒక రకంగా వెడల్పుగా పడుతుంది. ఆ దారి ఒకసారి మూసుకుంటే సాధారణంగా మళ్లీ తెరుచుకోదు. హెచ్చరికతో వచ్చిన గీత మాత్రం సన్నగా, ఆ దారి మూసుకుపోనట్టే ఉంది.

"రోజూ చూసే మనిషి చేతిరాత ఒక్కసారిగా మారిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. పెట్టెలు తారుమారయ్యాయనుకున్నాను. పరిశోధనలో ఉన్న అందర్నీ పిలిపించి చూశాను. ఎవరి గుండె గీతా దానితో కలవలేదు. మరి అదెవరిది అంటే... ఎవరిదీ కాదు."

"కోర్టులో ఈ మాటే చెబుతావా? ఎవరిదీ కాని గుండె అని?"

డాక్టరమ్మ తలవంచుకుంది. తిండి మానేసి ఎన్నాళ్లయిందో, మెడ దగ్గర ఎముకలు పైకి కనిపిస్తున్నాయి. పిన్నికి జాలి వేసింది, అంతకు రెట్టింపు కోపం వచ్చింది. ఆయనకి కనీసం ఫోన్ అయినా చేశావా అని అడిగితే రెండుసార్లూ చేశానంది. మొదటిసారి తాను నిక్షేపంగా ఉన్నానన్నాడట. రెండోసారి, మళ్లీ వచ్చింది, ఎందుకైనా మంచిది ఎల్లుండి ఒకసారి రండి అంటే చాలాసేపు మాట్లాడలేదట.

"తర్వాత?"

"వస్తానన్నారు. ఒక్కణ్ణే రావాలా, ఇంట్లోవాళ్లని తీసుకురావచ్చా అని అడిగారు. తీసుకురండి అన్నాను."

పిన్ని లేచి నిలబడింది. ఈసారి దారివ్వడానికి కాదు. గుండె గురించి ఇంట్లో నోరు విప్పని మగవాడు, పెళ్లాం బలవంతం మీద తప్ప ఆస్పత్రి గడప తొక్కని మగవాడు, ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకు వస్తానని ఎందుకన్నాడు?

"పెట్టె కట్టేటప్పుడు ఆయనకి ఇంకేమైనా చెప్పావా?"

అందరికీ చెప్పేదే చెప్పానంది డాక్టరమ్మ. వాహనాలు నడిపేవాళ్లయితే, ప్రమాదకరమైన లోపం బయటపడితే వాళ్ల ఆఫీసుకి తెలియజేయక తప్పదని.

"చెప్పాల్సిందే చెప్పావు," అంది పిన్ని నీరసంగా. "ఆయన వినాల్సిందే విన్నాడు."

*

డ్రైవర్ భార్య తలుపు తీసింది కానీ గుమ్మంలోంచి పక్కకి జరగలేదు. పోలీసులు వచ్చారు, ఇన్సూరెన్సు వాళ్లు వచ్చారు, ఇప్పుడు మీరా అంది. పిన్ని తాను డాక్టరు తరఫున వచ్చానని దాచలేదు. దాచకపోవడం వల్ల ఇంకాసేపు గుమ్మంలోనే నిలబడాల్సి వచ్చింది. చివరికి మంచినీళ్లు అడిగింది. అడిగినవాళ్లకి నీళ్లివ్వకుండా తలుపు వెయ్యడం ఆ ఇల్లాలి వల్ల కాలేదు.

గది చిన్నది. మంచం, కిటికీ పక్కన కుర్చీ, గోడకి డ్రైవర్ యూనిఫాం, ఇస్త్రీ చెదరకుండా. పోలీసులు పెట్టె పట్టుకుపోయిన బల్ల మీద స్టిక్కర్ల కవరు మిగిలింది. స్టిక్కర్లు రెండు రోజులకోసారి మార్చుకోవాలి కాబట్టి అదనంగా ఇచ్చిన కవరు అది. ఖాళీగా ఉంది. అంటే మార్చారు. మార్చినవి ఏం చేశారంటే చెత్తలో వేశామంది భార్య. ఆయనే మార్చుకున్నారా అంటే, కాక మీరొచ్చి మార్చారా అంది.

పిన్ని మంచం కింద చూసింది, పరుపు ఎత్తి చూసింది, కిటికీ చువ్వలు చూసింది. వెనకే నిలబడి ఆ ఇల్లాలు కూడా చూస్తోంది, దుమ్ము ఉందేమోనని. ఏమీ దొరకలేదు. మోకాళ్లు పట్టేశాయి. చేతులు కడుక్కుంటానని చెప్పి స్నానాల గదిలోకి వెళ్లింది. అద్దం కింద అరలో సబ్బుపెట్టె వెనక, గోడకి నొక్కి అంటించి ఉంది ఒక వాడేసిన స్టిక్కరు. వదిలించుకోవాల్సింది ఏదైనా చేతికి తగిలితే దగ్గర్లో ఉన్న గోడకి అంటించేసే మనుషులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. పిన్ని దాన్ని గోరుతో పెళ్లగించి వెలుతురులో పట్టుకుంది. జిగురులో ఒక వెంట్రుక ఇరుక్కుని ఉంది. జానెడు పైన పొడవు, నల్లగా నిగనిగలాడుతూ.

డ్రైవర్ ఫొటో హాల్లో ఉంది. తల మీద వెంట్రుకలు లెక్కపెట్టాలంటే ఆట్టే సేపు పట్టదు. భార్య జుట్టు ముందు నుంచి వెనకదాకా నెరిసిపోయింది.

స్టిక్కరు రుమాలులో చుట్టి బయటికి వచ్చేసరికి హాల్లో ఇంకో మనిషి ఉంది. ఇరవై దాటని అమ్మాయి, నీలం రంగు పని బట్టలు, జడ నడుం దాకా. గోడౌన్‌లో పార్సెళ్లు కట్టే పనట. రాత్రి షిఫ్టు ముగించుకుని ఓవర్‌టైం కూడా చేసి వచ్చింది. నిలబడే రెండు ముద్దలు నోట్లో పెట్టుకుంటోంది. కూర్చుంటే అక్కడే నిద్రపోతానని భయం కాబోలు. ఉక్కపోస్తున్నా చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టుకుంది. పిన్నిని చూసి నవ్వబోయి, తల్లి ముఖం చూసి మానేసింది. ఎడమచెయ్యి తనకు తెలియకుండానే భుజం ఎముక కిందికి పోయి గోకడం మొదలుపెట్టింది.

"ఏమయిందమ్మా అక్కడ?"

"చెమటకాయలు ఆంటీ."

"ఒక్కచోటే లేచాయా?"

అమ్మాయి చెయ్యి కిందికి దించేసింది. తల్లి మధ్యలోకి వచ్చింది. రాత్రంతా నిలబడ్డ పిల్లని ప్రశ్నలతో చంపుతారేమిటంది. వెళ్లి పడుకోమంది. అమ్మాయి లోపలి గదిలోకి పోయి కర్టెన్ లాగేసుకుంది. పగలు నిద్రపోయే మనిషి గది, చీకటి చేసి ఉంచారు. నాలుగింటి దాకా ఇల్లు కూలినా లేవదనీ, అందుకని దాని అలారం మోగితే పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చుంటారనీ తల్లి చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడే ఆవిడ గొంతు మామూలుగా ఉంది.

పిన్ని గొంతు తగ్గించింది. "వదినగారూ, ఆ పెట్టె మీ ఆయన ఒంటి మీద లేదు కదూ?"

ఆవిడ పిన్ని తాగి పెట్టిన గ్లాసు వంక చూసింది. తర్వాత గ్లాసు తీసేసుకుంది.

"ఆయన సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదండీ. ఒక్కటంటే ఒక్కటి. బస్సెక్కే ముసలివాళ్లు ఆయన డ్యూటీ ఉందా అని అడిగి ఎక్కేవాళ్లు. పోయిన మనిషికి మిగిలింది ఆ పేరే. దాన్ని మీరు, మీ డాక్టరు కలిసి బురదలో పడేస్తానంటే నేను చూస్తూ ఊరుకోను."

"డాక్టరుకి కూడా మిగిలింది పేరే."

"ఆవిడ బతికే ఉందిగా," అంది డ్రైవర్ భార్య.

మధ్యాహ్నం డిపోకి వెళ్లి ఆయన లాకర్లో వస్తువులు తెచ్చుకోవాలి, ఇక మీరు దయచేస్తే నేను వంట చూసుకుంటానంది ఆవిడ. తలుపు చప్పుడు కాకుండా వేసింది. పిల్ల నిద్ర చెడుతుందని.

*

డిపోలో మేనేజరు పిన్నిని రెండు కుర్చీలు మార్పించి, ఒక కిటికీ దగ్గరి నుంచి ఇంకో కిటికీకి పంపించి, చివరికి ఆమె మొదట అడిగిన గుమాస్తా చేతే జవాబు చెప్పించాడు. ఆ వారమంతా డ్రైవర్‌ది పగటి డ్యూటీ. హెచ్చరికలు వచ్చిన రెండు మధ్యాహ్నాలూ ఆయన స్టీరింగు ముందే ఉన్నాడు. బస్సు నిండా జనం. బ్రేకు గట్టిగా పడిందని కూడా ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

ఆస్పత్రికి తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. మెట్లెక్కి పిన్ని పరిశోధన గది చేరేటప్పటికి ఇన్‌స్పెక్టర్ డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని, డాక్టరమ్మ కప్పులో టీ తాగుతున్నాడు. డాక్టరమ్మ గోడవారగా నిలబడి ఉంది, స్కూల్లో శిక్ష పడ్డ పిల్లలాగా. కంప్యూటరు ముందు ఒక కానిస్టేబుల్.

"రండి పిన్నిగారూ. తప్పిపోయిన పిల్లుల సీజను అయిపోయిందా?"

"అయిపోయింది నాయనా. ఇప్పుడు తప్పిపోయిన బుర్రల సీజను."

కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నటించాడు. ఇన్‌స్పెక్టర్ కప్పు కింద పెట్టాడు. తనకి టైం లేదనీ, లేడీ కానిస్టేబుల్ బయల్దేరిందనీ, వచ్చేదాకా ఏం చూసుకుంటారో చూసుకోమనీ, దేన్నీ ముట్టుకోవద్దనీ చెప్పాడు. ఆయన పద్ధతి ఎప్పుడూ ఇదే. దొరికిన మొదటి మనిషిని పట్టుకుంటాడు, తర్వాత ఆ మనిషి చుట్టూ కేసు కట్టుకుంటాడు. సగం సార్లు అది సరైన మనిషే అవుతుంది. అదే పిన్నికి ఒళ్లు మండించే సంగతి.

"డాక్టరమ్మా, నాకు గీతలు తెలియవు. ఆ గుండె ఎప్పుడు పడుకుంటోందో చూపించు, చాలు."

డాక్టరమ్మకి ప్రశ్న అర్థం కాలేదు. యంత్రం తప్పుగా ఉన్న ముక్కలనే ఏరి ఇస్తుంది, వాళ్లు ఆ ముక్కలనే చదువుతారు. మామూలుగా ఉన్న గంటల వంక ఎవరూ చూడరు. పిన్ని ఇంకోలా అడిగింది. నిద్రలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది కదా, రోజు మొత్తంలో నెమ్మదిగా కొట్టుకున్నది ఏ వేళల్లో?

డాక్టరమ్మ గోడ వదిలి ముందుకొచ్చింది. కానిస్టేబుల్‌కి ఏది నొక్కాలో చెప్పింది. తెర మీద, పెట్టె కట్టిన మొదటి రాత్రి నుంచి విప్పేసిన రోజు దాకా గుండె వేగం ఒకే పొడవాటి గీతగా పరుచుకుంది. రాత్రంతా గీత ఎత్తులో ఉంది, గుంటలూ మిట్టలుగా, ఎవరో బరువులు మోస్తున్నట్టు. పొద్దు బాగా ఎక్కాక కిందికి జారి, మధ్యాహ్నమంతా నున్నగా పారింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

డాక్టరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "డ్రైవర్లకి షిఫ్టులు మారుతుంటాయి కదా అని... అసలు నేను చూడనేలేదు."

"మారలేదు. ఆ వారమంతా పగటి డ్యూటీ. ఆయన బస్సు నడుపుతుంటే ఆయన గుండె ఒళ్లు మరిచి నిద్రపోతోందన్నమాట. ఏమంటారు ఇన్‌స్పెక్టర్ గారూ?"

ఇన్‌స్పెక్టర్ లేచి తెర దగ్గరికి వచ్చాడు. యంత్రం గడియారం తప్పు కావచ్చన్నాడు. గడియారం తప్పయితే హెచ్చరికల వేళా తప్పే, మీ కేసు దాని మీదే నిలబడిందంది పిన్ని. డాక్టరమ్మే దిద్ది ఉండవచ్చన్నాడు. దిద్దేదే అయితే హెచ్చరికలనే తీసేసేది, నిద్రతో ఆవిడకేం పని అంది పిన్ని.

"సరే. ఆయనది కాదు. మరెవరిదో చెప్పండి. ఎవరిదీ కాదని ఈవిడ పాట పాడకండి. కోర్టుకి ఒక మనిషి కావాలి. మీకు ఊహలు తప్ప మనిషి ఎప్పుడూ దొరకడు, అదే మీతో వచ్చిన చిక్కు."

పొద్దున్నుంచి మెట్ల మీద, గుమ్మాల్లో, కిటికీల ముందు నిలబడి నిలబడి ఉన్న పిన్ని నోరు అప్పుడు జారింది. రుమాలు విప్పి స్టిక్కరు బల్ల మీద పడేసింది.

"దొరికింది. రాత్రిళ్లు పనిచేసి పగలు పడుకునే మనిషి వాళ్లింట్లో ఒక్కతే ఉంది. ఆయన కూతురు. భుజం కింద స్టిక్కరు మచ్చ ఇంకా మానలేదు. నమ్మకపోతే వెళ్లి ఆ పిల్లనే అడగండి."

అన్న మరుక్షణం తాను తొందరపడ్డానని ఆమెకి తెలిసింది. ఇన్‌స్పెక్టర్ ముఖంలో ఓడిపోయిన మనిషి లేడు. కొత్త దారి దొరికిన మనిషి ఉన్నాడు. తండ్రీ కూతుళ్లు కలిసి ఆస్పత్రిని మోసం చేశారన్నమాట, తల్లికి కూడా తెలుసన్నమాట అన్నాడు. పిన్నిగారు వెళ్లి ఆ పిల్లకి మాటలు నేర్పకముందే తాను వినాలన్నాడు. టోపీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, డాక్టరమ్మని బయటికి పోనివ్వొద్దని కానిస్టేబుల్‌కి చెప్పాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు గబగబా కిందికి పోయింది.

పిన్ని కుర్చీలో కూలబడింది. కేసు గెలిచిన సంతోషం రావాల్సిన చోట చిరాకు తప్ప ఏమీ లేదు. తన మీద తనకే చిరాకు. నిద్రపోతున్న పిల్లని పోలీసులు లేపి, తండ్రి పేరు మీద బురద చల్లే మాటలు చెప్పించుకుంటారు. ఆ తండ్రి చేసింది మాత్రం ఏముంది? ఉద్యోగం పోకుండా శుభ్రమైన రిపోర్టు కావాలి. ఇంట్లో అందరికంటే గట్టి గుండె ఎవరిదని చూసుకున్నాడు. వయసులో ఉన్న పిల్లది, బరువులెత్తే పిల్లది అనుకున్నాడు. దాని ఒంటికి అంటించాడు. తర్వాత డాక్టరమ్మ ఫోన్ చేసి గుండె కట్టు తప్పిందని చెప్పినప్పుడు...

"కూతురి కోసమే ఇంట్లోవాళ్లని తీసుకొస్తానన్నాడు," అంది పిన్ని పైకి.

డాక్టరమ్మ వినడం లేదు. ఆమె కానిస్టేబుల్ భుజం మీదుగా వంగి రెండు హెచ్చరికలనీ ఒకదాని కింద ఒకటి పెట్టించుకుంది. ఇప్పుడామె ముఖంలో భయం లేదు. ఇంకేదో ఉంది, పిన్నికి అది నచ్చలేదు.

"పిన్నిగారూ, రెండూ ఒకే వేళకి వచ్చాయి. రెండుసార్లూ ముందు గాఢనిద్ర. తర్వాత ఒక్క ఉలికిపాటు, గుండె ఒక్కసారి ఎగిరింది, వెంటనే కట్టు తప్పింది. ఆ అమ్మాయి ఎలా లేస్తుంది?"

"అలారం. నాలుగింటికి."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. అలాంటి జబ్బు ఒకటి ఉందని చెప్పింది, గబగబా, తనకి తానే పాఠం అప్పజెప్పుకుంటున్నట్టు. కొట్టుకున్న ప్రతిసారీ గుండె మళ్లీ సిద్ధం కావడానికి కొంచెం సమయం పడుతుంది. కొందరికి ఆ సమయం మరీ ఎక్కువ. ఆ సందులో ఉలిక్కిపడే శబ్దం ఏదైనా తగిలితే, అందులోనూ నిద్రలో, గుండె లయ చెదిరిపోతుంది. మామూలుగా ఉన్నప్పుడు మనిషిని చూసి ఎవరూ పోల్చుకోలేరు. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. తండ్రి గీతలో కుడిదారి మూసుకుపోయి ఉండటం వల్ల ఈ లోపం ఆ వెడల్పులో కలిసిపోయి తన కంటికి ఆనలేదు. ఆయనా దీనితోనే పోయి ఉంటాడు.

"రెండుసార్లు దానంతట అది ఆగింది. మూడోసారి ఆగకపోవచ్చు. ఆ అమ్మాయిని ఉలిక్కిపడేలా ఎవరూ లేపకూడదు. తలుపు బాదకూడదు, బెల్ మోగకూడదు..."

మాట పూర్తవకముందే పిన్ని ఫోన్ తీసింది. డ్రైవర్ భార్య నంబరు నొక్కబోతే డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఆవిడ ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్లి ఉంటే? ఆ పిల్ల మంచం పక్కనే ఉంటే?"

పిన్ని వేలు గాల్లోనే ఆగిపోయింది. తెలియజేయడానికి ఉన్న దారే చంపే దారి. మిగిలింది ఒక్క మనిషి. ఆమె ఇన్‌స్పెక్టర్‌కి చేసింది. రెండుసార్లు మోగాక కట్ చేశాడు. మళ్లీ చేసింది. మళ్లీ కట్ చేశాడు. కానిస్టేబుల్‌ని చెయ్యమంది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ ఎంగేజ్ వచ్చింది. 'తలుపు కొట్టొద్దు, పిల్ల ప్రాణం పోతుంది' అని మెసేజ్ పెట్టింది. అతను చదివినట్టు ఫోన్‌లో గుర్తు పడలేదు. కానిస్టేబుల్ అంబులెన్సుకి చెబుతూనే మెట్ల మీదికి పరిగెత్తాడు. పిన్ని నాలుగోసారి చేసింది, అయిదోసారి చేసింది. ఆమెకి జీవితంలో ఎవరినీ బతిమాలడం ఇష్టం ఉండదు. ఈ మనిషిని అసలే ఉండదు. ఎత్తు నాయనా అని, అవతల ఎవరూ ఎత్తని ఫోన్‌ని పట్టుకుని బతిమాలింది.

ఆరోసారి నొక్కేలోపు ఫోన్ తనే మోగింది.

"ఏంటండీ పిన్నిగారూ, ఊపిరాడనివ్వరా?" ఇన్‌స్పెక్టర్ గొంతు.

"ఎక్కడున్నారు? తలుపు కొట్టకండి. బెల్ నొక్కకండి. ఆ పిల్లకి..."

"ఎప్పుడో నొక్కాను. మీరు నేర్పించేదాకా ఆగుతానా? మూడుసార్లు నొక్కాను, తలుపు కూడా బాదాను. తల్లి ఇంట్లో లేదని పక్కింటివాళ్లు చెప్పారు, పిల్ల మాత్రం లోపలే ఉంది. లేచినట్టు మంచం చప్పుడయింది, తర్వాత ఏదో దభీమని పడింది. ఇప్పుడు అలికిడి లేదు. దాక్కుంది. ఎంతసేపు దాక్కుంటుందో చూస్తాను."

పిన్ని గొంతు ఆమెకే కొత్తగా, చాలా మెల్లగా వినిపించింది.

"దాక్కోలేదు. ఆ పిల్ల గుండె ఆగిపోతోంది. తలుపు పగలగొట్టండి."

అటువైపు నుంచి ఎదురు ప్రశ్న రాలేదు. వాళ్ల పరిచయంలో అది మొదటిసారి. ఫోన్ దేనికో తగిలిన చప్పుడు, తర్వాత చెక్క మీద బూటుకాలి దెబ్బ, ఇంకో దెబ్బ, గడియ ఊడిన శబ్దం. పరుగు. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ ఏదో అన్నాడు, మాటగా లేదు, ఊపిరిగానే ఉంది.

డాక్టరమ్మ పిన్ని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"నేను డాక్టర్ని మాట్లాడుతున్నాను," అంది ఆమె, సాయంత్రంలోగా తనని అరెస్టు చేయాల్సిన మనిషితో. "ఫోన్ స్పీకరులో పెట్టి కింద పెట్టండి. అమ్మాయిని వెల్లకిలా పడుకోబెట్టండి. రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టండి. ఎముక విరుగుతుందేమోనని భయపడకండి. నేను లెక్కపెడతాను, మీరు నొక్కండి. ఒకటి."